ఏనుగు మల్లమ్మ కొండా, సెట్‌విజిబులూ

బెంగుళూరులో పనిచేసే మన తెలుగు సాఫ్ట్‌వేర్ జనాల్లో హార్స్లీ హిల్స్ చూడనివాళ్ళు తక్కువ. శనివారం పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనాలవేళకి కొండ మీద ఉండొచ్చు. మదనపల్లె దాటాక ఘాట్ రోడ్డు, నాలుగు వేల అడుగుల పైన చల్లగాలి, యూకలిప్టస్ చెట్లు... ఇవన్నీ తెలిసినవే. ఆ పేరు సంగతి మాత్రం ఎక్కువమంది పట్టించుకోరు. ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్ల ఆ కొండ మీద ఏనుగుల సంరక్షణలో పెరిగిందనీ, కొండజాతి వాళ్ళకి మందులిచ్చి జబ్బులు నయం చేసేదనీ, ఒకరోజు ఉన్నట్టుండి కనిపించకుండా పోయిందనీ కథ. ఆవిడకి గుడి కట్టారు, ఆ గుడి ఇప్పటికీ ఉంది. 1870 ప్రాంతంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యూ.డి. హార్స్లీ దొర ఎండలకి తట్టుకోలేక (కడప ఎండ సంగతి చెప్పాలా!) ఆ కొండ మీద బంగళా కట్టుకున్నాడు. పేరు ఆయనది అయిపోయింది.

ఇందులో దొరని తిట్టడం నా ఉద్దేశం కాదు. రెండు పేర్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. పాత పేరు ఆ చోటు గురించి ఎంతో కొంత చెబుతుంది. కొత్త పేరు అక్కడికి ఎవరొచ్చారో చెబుతుంది, అంతే. కోడ్‌లో కూడా ఈ రెండు రకాల పేర్లూ చూస్తూనే ఉంటాం. ఒకటి చేసే పనిని బట్టి పెట్టిన పేరు, రెండోది రాసినవాణ్ణి బట్టో, రాసిన నాటి అవసరాన్ని బట్టో పడిపోయిన పేరు. మెథడ్ పేరు చివర తమ ఇనీషియల్స్ తగిలించే మహానుభావులు ప్రతి ప్రాజెక్టులోనూ ఒకరుంటారు, వాళ్ళంతా మన హార్స్లీ దొర శిష్యులన్నమాట :)

ఇంకో విషయం. నూట యాభై ఏళ్ళు దాటినా పాత పేరు పోలేదు. బోర్డు మీద హార్స్లీ హిల్స్, గుడి దగ్గర మల్లమ్మ. ఒక్క కొండకి రెండు పేర్లు, రెండూ పనిచేస్తూనే ఉన్నాయి. యూజర్ ఇంటర్‌ఫేస్ లైబ్రరీల చరిత్ర చూస్తే అచ్చం ఇలాగే ఉంటుంది, కాబట్టి ఆ చరిత్రలోకి వెళ్దాం.

పేర్లు పెట్టడం కష్టం అన్నది మన తరం కనిపెట్టింది కాదు. నార్వే దేశస్థుడు ట్రిగ్వే రీన్‌స్కాగ్ 1978-79లో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలకి వెళ్ళి అక్కడ స్మాల్‌టాక్ మీద పనిచేశాడు. మనం ఇంటర్వ్యూల్లో చిలకపలుకుల్లా అప్పజెప్పే ఎంవీసీ ఆయనదే. 1979 మే నాటి ఆయన నోట్‌లో అది ఎంవీసీ కాదు, థింగ్-మోడల్-వ్యూ-ఎడిటర్. డిసెంబరు నోట్‌కి వచ్చేసరికి మోడల్-వ్యూ-కంట్రోలర్ అయింది. మధ్యలో ఏడు నెలలు, అడెల్ గోల్డ్‌బర్గ్‌తోనూ మిగతావాళ్ళతోనూ చర్చలు. ఆ భాగాలకి మంచి పేర్లు దొరకబుచ్చుకోవడమే అన్నిటికన్నా కష్టమైందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. డిజైన్ కాదు, కోడ్ కాదు, పేర్లు! అంత కష్టపడ్డారు కాబట్టే ఆ మూడు మాటలూ ఇన్ని దశాబ్దాలు నిలబడ్డాయని నేననుకుంటాను.

అంత తీరిక అందరికీ ఉండదు కదా. మైక్రోసాఫ్ట్ విండోస్ మొదటి వెర్షన్ 1985 నవంబరులో వచ్చింది. అప్పటి పేర్లు ఇవాళ్టికీ మన మెడకి వేలాడుతున్నాయి. సీ లో విండోస్ ప్రోగ్రామింగ్ చేసినవాళ్ళకి క్లోజ్‌విండో అనే ఫంక్షన్ గుర్తుండే ఉంటుంది. పేరు చూస్తే ఏమనిపిస్తుంది? విండోని మూసేస్తుంది అనిపిస్తుంది. అది మూయదు! మినిమైజ్ చేస్తుంది. నిజంగా వదిలించుకోవాలంటే డిస్ట్రాయ్‌విండో అని ఇంకోటుంది. ఇదేం తిక్క అనుకోకండి, దీనికో లెక్కుంది. క్లోజ్‌విండోకి జోడీ ఫంక్షన్ పేరు ఓపెన్‌ఐకాన్. ఐకాన్‌ని తెరిస్తే విండో అవుతుంది, విండోని మూస్తే ఐకాన్ అవుతుంది. తాటాకు విసనకర్రలా అన్నమాట, విప్పితే ఒక రూపం, మూస్తే ఇంకో రూపం. 1985లో ఆ జోడీ చక్కగానే ఉంది. తర్వాత జనం నోట్లో క్లోజ్ అంటే పూర్తిగా ముగించడం అయిపోయింది, మడిచిపెట్టడానికి మినిమైజ్ అనే మాట స్థిరపడింది. ఫంక్షన్ పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది. దీని తోబుట్టువులు ఇంకో ఇద్దరున్నారు. విండో మినిమైజ్ అయి ఉందా అని అడగాలంటే ఈజ్‌ఐకానిక్, మాక్సిమైజ్ అయి ఉందా అంటే ఈజ్‌జూమ్‌డ్. తెర మీద యూజరు చూసే మాట ఒకటి, లోపల ప్రోగ్రామరు రాసే మాట ఒకటి. కొత్తగా చేరిన కుర్రాడు డాక్యుమెంటేషన్‌లో మినిమైజ్ అని వెతికితే ఈజ్‌ఐకానిక్ ఎప్పటికి దొరికేను?

డబ్ల్యూ-పారమ్ కథ ఇంకా బావుంటుంది. విండో ప్రొసీజర్‌కి వచ్చే పారామీటర్లలో ఇదొకటి. ఆ డబ్ల్యూ అంటే వర్డ్, అంటే 16 బిట్లు. పేరు ముందే టైపు రాసుకునే హంగేరియన్ పద్ధతి అది, చార్లెస్ సిమోన్యీ పుణ్యం. విన్32 వచ్చాక అది 32 బిట్లయింది, 64 బిట్ల విండోస్‌లో 64 అయింది. పేరులో డబ్ల్యూ మాత్రం అలాగే ఉంది. ఎన్ని కోట్ల లైన్ల కోడ్‌లో ఆ పేరు రాసి ఉందో, దాన్ని మార్చే ధైర్యం ఎవరికుంది? మారిపోయే సంగతిని పేరులో ఇరికిస్తే ఇదే గతి.

సరే, మార్చే ధైర్యం చేసినవాళ్ళ కథ చూద్దాం. నా దృష్టిలో మొత్తం చరిత్రలో ఇదే అసలైన ఘట్టం, కాస్త ఓపిగ్గా చదవండి.

1996 జనవరిలో జావా మొదటి వెర్షన్ వచ్చింది, దాంతోపాటే ఏడబ్ల్యూటీ అనే యూఐ లైబ్రరీ. అందులో కాంపొనెంట్ క్లాసులో మెథడ్ పేర్లు ఇలా ఉండేవి: చూపించడానికి షో, దాచడానికి హైడ్. పనిచేసేలా చెయ్యడానికి ఎనేబుల్, ఆపడానికి డిజేబుల్. ఎంత సైజు ఉందో తెలుసుకోవడానికి సైజ్, మార్చడానికి రీసైజ్. ఎక్కడుందో తెలుసుకోవడానికి లొకేషన్, జరపడానికి మూవ్. చోటూ సైజూ కలిపి కావాలంటే బౌండ్స్, కలిపి మార్చాలంటే రీషేప్. విడివిడిగా చూస్తే ఒక్కటీ చెడ్డ పేరు కాదు. చిన్నవి, మాట్లాడే భాషలా ఉన్నాయి. చిక్కేంటంటే ఒకటి నేర్చుకుంటే రెండోది ఊహించలేం. సైజ్‌కి జోడీ రీసైజ్ అయితే లొకేషన్‌కి జోడీ రీలొకేట్ కావాలి కదా, మూవ్ ఎందుకయింది? బౌండ్స్‌కి రీషేప్ ఏమిటి? ప్రతిదీ బట్టీ పట్టాలి. ఎన్ని ఐటములున్నాయో అడగాలంటే కౌంట్‌ఐటమ్స్ అట, అది అడగడమా, లెక్కపెట్టమని ఆర్డరెయ్యడమా?

1997 ఫిబ్రవరిలో జేడీకే 1.1 వచ్చింది, దాంతో జావాబీన్స్. బీన్స్ ఉద్దేశం ఏంటంటే, విజువల్ బేసిక్‌లోలాగా బటన్లని మౌస్‌తో లాగి పడేసి, పక్కన ప్రాపర్టీల పట్టికలో రంగూ సైజూ మార్చుకోవాలి. ఆ పట్టిక తయారుచేసే టూలుకి ఏ క్లాసులో ఏ ప్రాపర్టీలున్నాయో ఎలా తెలుస్తుంది? పేర్లని బట్టే. గెట్ తో ఒక మెథడూ, సెట్ తో దాని జోడీ కనిపిస్తే అదొక ప్రాపర్టీ. అవునా-కాదా రకమైతే గెట్ బదులు ఈజ్. అప్పటిదాకా పేరు మనుషులు చదువుకోవడానికే, ఇప్పుడు దాన్ని యంత్రం కూడా చదువుతుంది. ఇంకేముంది, ఏడబ్ల్యూటీ మొత్తానికి పేర్లు మార్చే కార్యక్రమం పెట్టుకున్నారు. సైజ్ కాస్తా గెట్‌సైజ్, రీసైజ్ సెట్‌సైజ్, మూవ్ సెట్‌లొకేషన్, రీషేప్ సెట్‌బౌండ్స్, కౌంట్‌ఐటమ్స్ గెట్‌ఐటమ్‌కౌంట్ అయ్యాయి. షో, హైడ్ రెండూ కలిసి సెట్‌విజిబుల్ అయ్యాయి.

దీని మీద అప్పట్నుంచీ రెండు వాదాలున్నాయి. హైడ్ అని రాసుకుంటే ఎంత హాయి, సెట్‌విజిబుల్ ఫాల్స్ అని రాయడం అంటే "కనబడకుండా ఉండు" అనడానికి "కనబడుటను లేమిగా చేయుము" అన్నట్టుంది అనేవాళ్ళున్నారు. నిజమే, వినసొంపుగా లేదు. అయినా నా ఓటు కొత్త పేర్లకే. పది మెథడ్లు వాడినవాడు పదకొండోదాన్ని డాక్యుమెంటేషన్ చూడకుండా టైపు చేసెయ్యగలగాలి, అది సరిగ్గా ఉండాలి. అందంగా ఉన్న పది పేర్ల కన్నా ఒకే పద్ధతిలో ఉన్న పది పేర్లు మేలు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో గ్రిడ్ క్లాసుకి రీఫ్రెష్, రీలోడ్, అప్‌డేట్ అని మూడు మెథడ్లుండేవి. మూడూ మంచి ఇంగ్లీషే. ఒకటి తెర మీద మళ్ళీ గీస్తుంది, ఒకటి సర్వర్ దగ్గరికి వెళ్ళి డేటా తెస్తుంది, ఒకటి యూజరు టైపు చేసింది డేటాబేసులో రాసేస్తుంది. ఏది ఏదో పేరు చూసి చెప్పగలరా? మా టీములో ఒకతను తెర మళ్ళీ గీయించుదామని అప్‌డేట్ పిలిచాడు. ఆ రాత్రి ఎవరి డేటా ఎలా మారిందో వెతుక్కుంటూ అందరం ఆఫీసులోనే తెల్లవార్చాం. తప్పు అతనిదని ఎవరూ అనలేకపోయారు.

మళ్ళీ జావా దగ్గరికి. పేర్లు మార్చారు సరే, పాతవాటినేం చేశారు? తీసేస్తే ఏడాదిగా జనం రాసుకున్న కోడంతా ఆగిపోతుంది. అందుకని డెప్రికేటెడ్ అని ముద్ర వేసి ఉంచారు. ఇంతవరకూ అందరికీ తెలుసు. సోర్సు తెరిచి చూస్తే ఇంకో తమాషా కనిపిస్తుంది. సెట్‌విజిబుల్ లోపల ఏముందనుకున్నారు? షో ని పిలుస్తుంది! సెట్‌సైజ్ లోపల రీసైజ్‌ని పిలుస్తుంది, సెట్‌బౌండ్స్ వెళ్ళి రీషేప్‌ని పిలుస్తుంది. వాడొద్దని మనకి చెప్పిన మెథడ్లనే కొత్త మెథడ్లు వాడుకుంటున్నాయి. ఇది బద్ధకం కాదు. ఎవరో ఎక్కడో తన సొంత కాంపొనెంట్ రాసుకుంటూ రీషేప్‌ని ఓవర్‌రైడ్ చేసి ఉంటాడు. కొత్త మెథడ్ నేరుగా పని చేసేస్తే అతని కోడ్ ఎప్పటికీ నడవదు, ఎర్రరూ రాదు, మౌనంగా చచ్చిపోతుంది. ఆ ముక్కూమొహం తెలియని మనిషి కోసం కొత్త పేరు పాత పేరు గుండా నడవాల్సిందే. గుడిలో మల్లమ్మ, బోర్డు మీద హార్స్లీ... గుర్తొచ్చిందా?

ఇక్కడితో అయిపోలేదు. కాంపొనెంట్‌లో షో ని 1.1లోనే డెప్రికేట్ చేశారు కానీ, విండో, డైలాగ్ క్లాసుల్లో షో మాత్రం 2004లో జావా 5 వచ్చేదాకా దర్జాగా ఉంది. అందుకే 2000 ప్రాంతంలో అమీర్‌పేటలో జావా నేర్చుకున్న మన బ్యాచీలు ఫ్రేమ్‌కి షో అనీ బటన్‌కి సెట్‌విజిబుల్ అనీ రెండురకాలుగా రాసేవి. ఏకరూపత కోసం మొదలుపెట్టిన పని ఏడేళ్ళకి గానీ ముగియలేదు. పేరు మార్చడం అంటే ఒక్కరోజు పని కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఊళ్ళ పేర్ల విషయంలో రైల్వే వాళ్ళు దీన్ని ఇంకోలా పరిష్కరించారు. 1996లో మద్రాసు చెన్నై అయింది, 2019లో సెంట్రల్ స్టేషన్‌కి ఎంజీఆర్ పేరు పెట్టారు. స్టేషన్ కోడ్ మాత్రం ఎంఏఎస్ ఏ. బోర్డు మీద పేరు మనుషుల కోసం, కోడ్ లెక్కల కోసం. యూజరుకి కనిపించే లేబులూ, ప్రోగ్రామరు రాసే పేరూ వేరువేరుగా ఉంచుకుంటే లేబుల్ ఎన్నిసార్లు మార్చినా కోడ్ కదలదు. కొండకి పాత పేరు తిరిగి పెట్టాలా అని ఎవరైనా అడిగితే నా మటుకు నేను ఏనుగు మల్లమ్మ కొండ అని పెద్ద బోర్డు పెట్టి, కింద హార్స్లీ హిల్స్ అని చిన్నగా రాయమంటాను. హార్స్లీ తీసేస్తే దారి వెతుక్కునేవాళ్ళకి ఇబ్బంది, మల్లమ్మని వదిలేస్తే... అది ఇబ్బంది కన్నా ఎక్కువే.

ఇదంతా పనులకి పెట్టే పేర్ల గురించి. జరిగిన సంగతులకి, అంటే ఈవెంట్లకి, పెట్టే పేర్లలో ఇంకో చిక్కుంది: కాలం. జావా 1.0లో మౌస్‌డౌన్, గాట్‌ఫోకస్ అనేవి 1.1లో మౌస్‌ప్రెస్‌డ్, ఫోకస్‌గెయిన్‌డ్ అయ్యాయి. యాక్షన్ కాస్తా యాక్షన్‌పెర్ఫార్మ్‌డ్ అయింది, అంటే పని అయిపోయాక నీకు కబురు పంపుతున్నాం అని. ఈ విషయంలో నెక్స్ట్ కంపెనీ వాళ్ళు అందరికన్నా ముందున్నారు. వాళ్ళ పద్ధతే తర్వాత ఆపిల్‌కి, ఐఫోన్‌కి వచ్చింది: షుడ్, విల్, డిడ్. విండో షుడ్ క్లోజ్, విండో విల్ క్లోజ్, వ్యూ డిడ్ లోడ్ అలాగన్నమాట. మన భాషలో అయితే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. "మూసెయ్యనా?", "మూసేస్తున్నా", "మూసేశా". మొదటిదానికి మీరు వద్దనొచ్చు. రెండోదానికి వద్దనలేరు, లోపలున్న సామాను సర్దుకోవచ్చు. మూడోదానికి చేసేదేం లేదు, వినడమే. ఇంత సమాచారం పేరులోనే ఉంటే డాక్యుమెంటేషన్‌లో పేజీ తగ్గినట్టే. ఆన్‌క్లోజ్ అని ఒకే పేరు పెట్టినవాళ్ళు ఈ మూడిట్లో ఏదో చెప్పకుండా మనల్ని చీకట్లో వదిలేస్తారు.

ఒకే పేరుకి రెండు పనులు అప్పజెప్పడం దీనికి తిరగేసిన తప్పు. 2006లో వచ్చిన జేక్వెరీ షో, హైడ్‌లని మళ్ళీ బతికించింది, జనం పండగ చేసుకున్నారు. పాపం టాగుల్ దగ్గర కాలు జారింది. ఉత్తినే పిలిస్తే ఉన్నదాన్ని దాస్తుంది, దాగినదాన్ని చూపిస్తుంది. అదే పేరుకి రెండు ఫంక్షన్లు ఇస్తే మాత్రం క్లిక్ చేసినప్పుడల్లా ఒకదాని తర్వాత ఒకటి నడుపుతుంది. ఏది జరుగుతుందో మీరిచ్చే పారామీటర్లని బట్టి. చివరికి 2013లో 1.9 వెర్షన్‌లో రెండో అర్థాన్ని తీసేశారు. తీసేసిన రోజున ఎన్ని సైట్లలో మెనూలు కొయ్యబారాయో!

ఇలాంటి సంగతులకి అమెరికా దాకా పోనక్కర్లేదు, హార్స్లీ హిల్స్ దగ్గర్లోనే ఒక గొప్ప ఇంటర్‌ఫేస్ తయారయింది. దాంట్లో కంప్యూటరు లేదు. రిషీ వ్యాలీ స్కూలు వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిపారు. ఒకే గది, ఒకే పంతులు, రకరకాల తరగతుల పిల్లలు. రమ, పద్మనాభరావు దంపతులు 1980ల చివర్నుంచి వీళ్ళ కోసం ఒక పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని ముక్కలు చేసి కార్డులుగా మార్చారు. ఏ కార్డు తర్వాత ఏది చెయ్యాలో నిచ్చెన లాంటి పటంలో ఉంటుంది. కార్డు ఏ రకమో బొమ్మ గుర్తు చెబుతుంది, ఎన్నోదో అంకె చెబుతుంది. పిల్ల తనే నిచ్చెన చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుని, పని చేసుకుంటుంది. పంతులు ఒక్కొక్కరికీ ఇది తియ్యి, అది పెట్టు అని చెబుతూ కూర్చోలేడు కాబట్టి గుర్తే చెప్పాలి. అది ఇవాళ ఒక పనికీ రేపు ఇంకో పనికీ వాడితే బడి సాగదు. ఈ పద్ధతే 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెకి వెళ్ళి నలి-కలి అయింది, 2003లో చెన్నై కార్పొరేషన్ బడులకి వెళ్ళింది. అక్కడ భాష మారింది, పాఠాలు మారాయి, గుర్తుని బట్టి పని అనే కట్టుబాటు మాత్రం అలాగే వెళ్ళింది.

అప్పట్లో అదే చిత్తూరు జిల్లాలో ఇంకో కొసన ఉన్న కుప్పంలో 2002లో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అని మొదలుపెట్టి, పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టారు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు అప్పటికే వచ్చేసింది కాబట్టి తెలుగు అక్షరాలు తెర మీద చూపించడం పెద్ద సమస్య కాదు. అసలు సమస్య మాటలది. సేవ్ అనే బటన్‌నే తీసుకోండి. మన ఇళ్ళల్లో డబ్బు దాచుకోవడం అంటే సేవ్ చేసుకోవడమే. అదే దాచడం అంటే కనబడకుండా చెయ్యడం కూడా, అంటే హైడ్! ఇంగ్లీషులో దాదాపు ఎదురుబొదురు పనులకి మన వాడుకలో ఒకటే మాట. అందుకే తెలుగు చేసేవాళ్ళు సేవ్‌కి భద్రపరచు అని కాస్త బరువైన మాట తెచ్చుకుని, దాచు ని హైడ్‌కి వదిలేశారు. నాకు ఈ నిర్ణయం సబబుగానే అనిపిస్తుంది, భద్రపరచు అని బ్యాంకులో తప్ప ఎవరూ అనకపోయినా సరే. తెలుగు వికీపీడియాలో కూడా చాలాకాలం పేజీని భద్రపరచడమే ఉండేది. వికీమీడియా వాళ్ళు 2016-17 ప్రాంతంలో సేవ్ అన్న మాట తీసేసి పబ్లిష్ చేశారు, మన దగ్గర అది ప్రచురించు అయింది. సేవ్ అంటే తన దగ్గరే దాచుకోవడం అనుకుని నొక్కేవాళ్ళకి, అది ప్రపంచమంతా చూస్తుందని ముందే తెలియాలి కదా.

మనకి ప్రత్యేకమైన ఇంకో తలనొప్పి మర్యాద. భద్రపరచు అనాలా, భద్రపరచండి అనాలా? బటన్ అనేది యూజరు కంప్యూటరుకి ఇచ్చే ఆర్డరు అనుకుంటే "భద్రపరచు", యంత్రానికి అండీ ఎందుకు? కంప్యూటరే యూజరుని అడుగుతోంది అనుకుంటే "భద్రపరచండి", మనిషిని నువ్వు అంటే బావుండదు. రెండూ సమర్థించుకోవచ్చు. ఇబ్బందల్లా ఒకే మెనూలో "తెరువు", "మూసివేయండి", "ముద్రణ" అని మూడు రకాలు వరసగా కనిపించినప్పుడు. ఒకటి ఆజ్ఞ, ఒకటి విన్నపం, ఒకటి ఉత్త నామవాచకం. ఇది 1996 నాటి ఏడబ్ల్యూటీ సమస్యే, తెలుగులో. నన్నడిగితే బటన్లకీ మెనూలకీ "తెరువు, మూయి, దాచు" అని ఆజ్ఞలే ఉంచి, యూజరుతో మాట్లాడే సందేశాల్లో మాత్రమే అండీ వాడాలి. అప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో క్రియ చివర చూస్తేనే తెలిసిపోతుంది. ఇంగ్లీషుకి ఆ సౌకర్యం లేదు, మనకుంది.